సంరక్షణ జీవశాస్త్రం: ఎక్కడ చదవాలి, ఏ క్షేత్రంలో పని నేర్చుకోవాలి

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పరిసరాల తెలుగు ఇళ్లలో ప్లస్‌టూ సైన్సు పూర్తిచేసి, అడవులు, వన్యప్రాణులు, సముద్రతీరం గురించిన చదువే చదువుతామని పట్టుబట్టే పిల్లలు ఇప్పుడు కనబడుతున్నారు. తల్లిదండ్రులు మొదట అడిగేది ఆ చదువు ఎక్కడ దొరుకుతుందని. ఆ వెంటనే అడిగేది దానితో ఉద్యోగం వస్తుందా అని. విశ్వవిద్యాలయాల పేర్లను పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన ఈ రెండింటికీ సమాధానం దొరకదు. జీవజాతులను, అవి బతికే చోట్లను కాపాడుకోవడం గురించిన ఈ సంరక్షణ జీవశాస్త్రంలో తరగతి గదిలో నేర్చుకునేది సగమే. ఒక జీవజాతిని అది బతికే చోటనే చూసి, లెక్కించి, అక్కడి మనుషులతో మాట్లాడి, తెలుసుకున్నదాన్ని నమ్మదగిన నివేదికగా రాయగలగడం మిగతా సగం. అందుచేత నేను కోర్సులను పోల్చేటప్పుడు, అవి విద్యార్థిని ఎన్ని నెలలు, ఏ ఋతువులో, ఎవరి పర్యవేక్షణలో క్షేత్రంలో ఉంచుతాయన్నది ముందు చూస్తాను. డిగ్రీ పేరులో ‘సంరక్షణ’ అన్న మాట ఉందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి.

ప్లస్‌టూ తరువాత

ఈ దశలో మన ప్రాంతపు విద్యార్థి ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. దగ్గరలోని కళాశాలలో జంతుశాస్త్రంలోనో వృక్షశాస్త్రంలోనో బీఎస్సీ ఆనర్స్ చదవడం మొదటిది. బరంపురంలోని ఐసర్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వపు భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో, డిగ్రీ, పీజీ కలిపిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ రెండవది. నాలుగేళ్ల అటవీశాస్త్ర డిగ్రీ మూడవది.

మొదటి దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా అభిప్రాయంలో మన జిల్లాల విద్యార్థులలో ఎక్కువమందికి అదే తగినది. పర్లాకిమిడిలోని శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల, బరంపురంలోని ఖల్లికోట విద్యాసంస్థ, జయపురంలోని విక్రమదేవ్ విద్యాసంస్థ వంటివి ఇంటికి దగ్గరలో ఉన్నాయి, ఖర్చు తక్కువ, మొక్కలను, జంతువులను గుర్తించడానికి కావలసిన పునాది అక్కడ దొరుకుతుంది. లోటల్లా క్షేత్రపనిలోనే. యూజీసీ 2022లో ప్రకటించిన పాఠ్యక్రమ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. అందులో ఇంటర్న్‌షిప్‌కు కేటాయించేది 2 నుంచి 4 క్రెడిట్లే. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల లెక్కన చూసినా అది మహా అయితే మూడు వారాల పని. అయితే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్ చదవవచ్చు. ఆ నాలుగో ఏడాదిని ఒకే క్షేత్రంలో, ఒకే ప్రశ్న మీద వెచ్చించగలిగిన విద్యార్థికి సాధారణ బీఎస్సీ కూడా మంచి శిక్షణ అవుతుంది. కాబట్టి చేరడానికి ముందు, నాలుగో ఏడాది పరిశోధనను పర్యవేక్షించగల అధ్యాపకులు ఆ విభాగంలో ఎందరున్నారో, వారిలో నిజంగా క్షేత్రంలో పనిచేసేవారు ఎవరో అడిగి తెలుసుకోవాలి.

పర్లాకిమిడి దాటితే పాతపట్నం, ఆ పైన శ్రీకాకుళం. సరిహద్దుకు ఆవలి కళాశాలల్లో చేరే మన పిల్లలు కొందరుంటారు. ఆంధ్రప్రదేశ్ 2020-21లో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది: మొదటి ఏడాది తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత రెండు నెలల స్వల్పకాలిక శిక్షణ, చివర ఒక సెమిస్టర్ పూర్తిగా దీర్ఘకాలిక శిక్షణ. ఈ చదువుకు అంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఉండదు. కానీ తరువాత పాఠ్యక్రమాల్లో మార్పులు వచ్చాయి కనుక మీరు చేరే సంవత్సరపు నిబంధన ఏమిటో కళాశాలలోనే అడగండి. ఒడిశా నివాసులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో స్థానికేతరులుగా లెక్కకు వస్తారని, అందువల్ల సీట్లు తగ్గుతాయని కూడా మరువకూడదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ప్రవేశాల్లో చూసేది చదివిన చోటు, నివాస ధ్రువపత్రం.

ఐసర్ బరంపురం 2016లో ఏర్పడింది. అక్కడ సంరక్షణ పేరుతో డిగ్రీ లేదు. జీవశాస్త్రం ఉంది, గట్టి గణిత, గణాంక శిక్షణ ఉంది, అయిదో సంవత్సరమంతా పరిశోధనకే ఉంటుంది. ప్రవేశ పరీక్ష కఠినమైనది. లెక్కలంటే భయంలేని విద్యార్థికి, ముందు ముందు పీహెచ్‌డీ చేయాలన్న సంకల్పం ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు మన జిల్లాల్లో లేదు.

అటవీశాస్త్రం కోసం భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు అటవీ కళాశాలకు వెళ్లాలి. తెలంగాణలో ములుగులో, అంటే సిద్దిపేట జిల్లా ములుగులో, 2016లో మొదలైన అటవీ కళాశాల ఉంది. ఈ డిగ్రీలో చివరి సంవత్సరం అటవీ క్షేత్రానుభవం పాఠ్యక్రమంలోనే భాగం కాబట్టి, శిక్షణ కోసం విద్యార్థి తనంతట తాను తిరగవలసిన అవసరం తక్కువ. కానీ అక్కడ నేర్పేదానిలో పెద్ద భాగం నర్సరీలు, తోటల పెంపకం, కలప, నేల, అటవీ నిర్వహణ. వన్యప్రాణి శాస్త్రం ఒక శాఖ మాత్రమే. అటవీశాఖ ఉద్యోగమే లక్ష్యమైనవారికి ఇది సూటి దారి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. భారత అటవీ సర్వీసు పరీక్ష రాయడానికి డిగ్రీలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం, పశువైద్యం అనేవాటిలో ఒక్కటైనా ఉండాలి, లేదా డిగ్రీయే వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగులలో ఒకటై ఉండాలి. పర్యావరణశాస్త్రం పేరుతో మాత్రమే ఉన్న డిగ్రీ ఈ జాబితాలో కనబడదు. పేరు ఆకర్షణీయంగా ఉందని, ఈ విషయాలేవీ లేని మూడేళ్ల పర్యావరణ కోర్సులో చేరితే, తరువాత ఆ తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. డిగ్రీ స్థాయిలో ఆ కోర్సును నేను సూచించకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

స్నాతకోత్తర స్థాయిలో

ప్రత్యేకమైన చదువు నిజంగా మొదలయ్యేది ఇక్కడ. కోరాపుట్‌లో 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యం, సహజ వనరుల సంరక్షణ అన్న విభాగమే ఉంది. ప్రవేశం జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ ద్వారా కనుక స్థానిక, స్థానికేతర భేదం బాధించదు, ఫీజు మధ్యతరగతికి భారం కాదు, సునాబెడా ప్రాంగణం నుంచి బయటికి అడుగుపెడితే తూర్పు కనుమలే. రాయగడ, జయపురం వైపు విద్యార్థులకు నేను చెప్పే మొదటి పేరు ఇది.

బారిపదాలోని విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి, జీవవైవిధ్య సంరక్షణలో ఎంఎస్సీ ఉంది. 1973లో దేశంలో మొట్టమొదట ప్రకటించిన పులుల అభయారణ్యాలలో ఒకటైన సిమిలిపాల్ దానికి పొరుగునే ఉంది. పెద్ద క్షీరదాల మీద పనిచేయదలచినవారికి అది కోరాపుట్ కంటే మెరుగైన చోటు, అయితే మనకు అది రాష్ట్రపు మరో కొస. 1967లో మొదలైన బరంపురం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, సముద్రశాస్త్రం విభాగాలున్నాయి. తీరప్రాంతపు జీవులే ఇష్టమైనవారు డిగ్రీ పేరు కోసం దూరం వెళ్లకుండా అక్కడి సముద్రశాస్త్రాన్ని తప్పక పరిశీలించాలి.

డెహ్రాడూన్‌లో 1982లో స్థాపించిన భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం నడిపే ఎంఎస్సీలకు దేశంలో అత్యధిక గౌరవం ఉంది. విద్యార్థి నెలల తరబడి ఒంటరిగా క్షేత్రంలో ఉండి డిసెర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాయాలి, గణాంక పద్ధతులు క్షుణ్ణంగా నేర్పుతారు, దేశమంతటి పరిశోధకులతో పరిచయం ఏర్పడుతుంది. కానీ సీట్లు చాలా కొద్ది. అక్కడికి వెళ్లాలనుకునేవారు కూడా మరో దరఖాస్తు చేతిలో ఉంచుకోవాలి. తమిళనాడులో ఊటీ ప్రభుత్వ కళాశాల, మయిలాడుదురై దగ్గరి ఏవీసీ కళాశాల ఎన్నో ఏళ్లుగా వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎంఎస్సీ నడుపుతున్నాయి. మనవాళ్లలో వాటి పేర్లు తెలిసినవారు తక్కువ.

క్షేత్రం ఎంపిక: ఋతువు, భాష, అనుమతి

కోర్సు ఏదైనా ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలన్న నిర్ణయం విద్యార్థి చేతిలో కొంతైనా ఉంటుంది. ఇందులో చాలామంది పట్టించుకోనిది ప్రకృతి క్యాలెండరుకూ విశ్వవిద్యాలయ క్యాలెండరుకూ పొంతన ఉండదన్న విషయం. కళాశాలలు ఇంటర్న్‌షిప్‌కు సెలవిచ్చేది మే, జూన్ నెలల్లో. చిలకా సరస్సుకు వలస పక్షులు వచ్చి ఉండేది అక్టోబరు నుంచి మార్చి వరకు. నీటిపక్షుల గణన జరిగేది జనవరిలో. గంజాం తీరంలో ఋషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పిల్లలు బయటికి వచ్చేది సుమారు 45 నుంచి 55 రోజుల తరువాత. మే నెలాఖరులో బయలుదేరి తీరానికి చేరిన విద్యార్థికి ఖాళీ ఇసుక, పగిలిన గుడ్ల పెంకులు తప్ప పెద్దగా ఏమీ కనబడవు. అందుచేత తాబేళ్లు, పక్షులు మనసులో ఉన్నవారు చివరి సెమిస్టర్ మొత్తం, అంటే జనవరి నుంచి మే దాకా, క్షేత్రానికి వదిలే కోర్సును ఎంచుకోవాలి. వేసవి సెలవు మాత్రమే దొరికేవారికి అడవిలో కెమెరా ట్రాప్‌ల (జంతువు కదలగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాల) పని, నీటి గుంటల దగ్గర జంతువుల గణన, గ్రామాల్లో సర్వేలు బాగా కుదురుతాయి. గడ్డిజాతులు, ఓషధులు, కప్పలు, సీతాకోకచిలుకల అధ్యయనానికి వానాకాలం, ఆ తరువాతి రెండు నెలలు కావాలి.

ఋషికుల్య గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అది అభయారణ్యం కాదు. ఆ తాబేళ్లను కాపాడుతున్నది అటవీశాఖతో పాటు పురుణబంధ, గోఖరకుద, పోడంపేట వంటి ఊళ్ల జనం. ప్రతి ఏడాదీ నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపలవేట మీద ఆంక్షలుంటాయి. ఆ ఏడు నెలలు మత్స్యకార కుటుంబాలు ఎలా బతుకుతున్నాయన్నది కూడా సంరక్షణశాస్త్రపు ప్రశ్నే. ఆ ప్రశ్నను వదిలేసి తాబేళ్లను మాత్రమే లెక్కించిన నివేదిక అసంపూర్ణమని నేను గట్టిగా నమ్ముతాను. గంజాం తీరంలోని మత్స్యకారుల్లో చాలామంది తెలుగువారు, ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. డెహ్రాడూన్ నుంచో బెంగళూరు నుంచో వచ్చే పరిశోధకుడు దుబాసీని పెట్టుకుని అడిగే ప్రశ్నలను మన పిల్లలు నేరుగా అడగగలరు, జవాబులోని బాధను, సందేహాన్ని, చెప్పకుండా దాటవేసిన మాటను కూడా పట్టుకోగలరు. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, పైగా సవర మాటలు కొన్ని తెలిసిన విద్యార్థికి ఉన్న బలాన్ని ఏ ప్రవేశ పరీక్షా కొలవదు.

అదే బలం గజపతి జిల్లా కొండల్లోనూ పనికొస్తుంది. లఖారి లోయ వైపు నుంచి ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ప్రాంతాలకు దిగి, పంటలను, ప్రాణాలను నష్టపరిచిన ఉదంతాలున్నాయి. ఏనుగుకు రాష్ట్ర సరిహద్దు లేదు, నష్టపరిహారపు దరఖాస్తుకు మాత్రం ఉంది. రెండు రాష్ట్రాల రికార్డులను చదవగలిగినవారు, రెండు వైపులా రైతులతో మాట్లాడగలిగినవారు ఈ సమస్య మీద మంచి డిసెర్టేషన్ రాయవచ్చు. మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. వృక్షశాస్త్రం చదివినవారికి అది పర్లాకిమిడికి దగ్గరలోని గని.

తక్కువ ఖర్చుతో, తక్కువ అనుమతులతో మొదటి ఇంటర్న్‌షిప్ చేయదలచినవారికి గంజాంలోని భేట్‌నోయి, బలిపదర్ పరిసరాలు సూచిస్తాను. అక్కడి కృష్ణజింకలు పొలాల మధ్యనే తిరుగుతాయి, వాటి రాక శుభమని నమ్మి రైతులు వాటి జోలికి పోరు. దూరం నుంచి చూసి మందలను లెక్కించడం, మగ, ఆడ, పిల్లలను వేరుచేసి రాయడం, పంట నష్టం గురించి రైతులను అడగడం అనే మూడు ప్రాథమిక నైపుణ్యాలూ అక్కడ నేర్చుకోవచ్చు. నమూనాలను గుర్తించి భద్రపరిచే పని నేర్చుకోదలచినవారికి గోపాలపూర్‌లో భారత జంతుశాస్త్ర సర్వేకు చెందిన నదీముఖ జీవశాస్త్ర కేంద్రం ఉంది. పంటల వైవిధ్యం మీద ఆసక్తి ఉంటే జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ కేంద్రం ఉంది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది, దేశవాళీ వరి విత్తనాలను కాపాడినందుకు జయపురం దగ్గరి కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. సంరక్షణ అంటే పులి, ఏనుగు మాత్రమే అనుకునేవారు ఒక్కసారైనా అక్కడి విత్తన నిధులను చూడాలి.

అభయారణ్యాల లోపల పని చేయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 28వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి అధికారి నుంచి శాస్త్రీయ పరిశోధనకు అనుమతి తీసుకోవాలి. ఇది విభాగాధిపతి ద్వారా, కొన్ని నెలల ముందుగా మొదలుపెట్టవలసిన పని. రక్తం, వెంట్రుక వంటి నమూనాలు తీయడం, జంతువును పట్టుకోవడం ఇంటర్న్‌షిప్ విద్యార్థి తలపెట్టకూడదు. అభయారణ్యం వెలుపల పనికి ఈ భారం తక్కువే అయినా, డివిజన్ అటవీ అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి వెళ్లడమే క్షేమం.

డబ్బు, భద్రత

ఇంటర్న్‌షిప్‌లలో చాలావాటికి జీతం ఉండదు. కొన్నిచోట్ల వసతి, భోజనం ఇస్తారు, కొన్నిచోట్ల విద్యార్థి దగ్గరే డబ్బు అడుగుతారు. డబ్బు తీసుకుని రెండు వారాలు అడవి తిప్పి ధ్రువపత్రం చేతిలో పెట్టే శిబిరాలను పూర్తిగా మానుకోండి. వాటికంటే మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ ఎన్నో రెట్లు మేలు. దానికి ముందు ఏడాది చివరి నెలల్లోనే దరఖాస్తు చేయాలి. చదువయ్యాక మొదటి ఉద్యోగాలు ఎక్కువగా పరిశోధన ప్రాజెక్టుల్లో, ఒప్పంద పద్ధతిలో దొరుకుతాయి. జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’లో అర్హతతో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలు. ఇది తల్లిదండ్రులకు మొదటే చెప్పి ఒప్పించవలసిన విషయం, దాచవలసినది కాదు.

ఆడపిల్లలను పంపడానికి ఇళ్లలో వెనుకాడేది భద్రత గురించే, ఆ ఆందోళన న్యాయమైనదే. క్షేత్రంలో ఉండే చోటు ఎవరిది, రాత్రి పని ఉంటే వెంట ఎవరు వస్తారు, ఫోను అందని చోటైతే కబురు ఎలా చేరుతుంది, ఫిర్యాదు చేయడానికి సంస్థలో అంతర్గత కమిటీ ఉందా అన్నవి ముందే రాతలో అడగాలి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సంస్థకు కొడుకును కూడా పంపకండి. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో మలేరియా ఇప్పటికీ ఉంది. దోమతెర, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, పాముకాటుకు విషహర మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో తెలిసి ఉండటం అందరికీ అవసరం.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు సంరక్షణ జీవశాస్త్రం డిగ్రీ మధ్యలో ఒక పూర్తి సంవత్సరం ఏదైనా సంస్థలో పనిచేసే అవకాశం ఇస్తాయి. ఏడాది పొడవునా అన్ని ఋతువులనూ చూడగలగడం ఆ ఏర్పాటులోని గొప్పతనం. కానీ ఆ శిక్షణ స్థలాన్ని చాలాచోట్ల విద్యార్థే పోటీపడి సంపాదించుకోవాలి, వాటిలో జీతం లేనివి చాలా, అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు బరువు వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు తాకట్టు పెట్టి డిగ్రీకి వెళ్లడం కంటే, ఇక్కడ ఎంఎస్సీ, మంచి డిసెర్టేషన్ పూర్తిచేసి, ఉపకారవేతనంతో పీహెచ్‌డీకి వెళ్లడమే వివేకమని నా సలహా.

చివరగా, విభాగానికి వెళ్లినప్పుడు ప్రాస్పెక్టస్‌తో తృప్తిపడకుండా గత రెండేళ్లలో అక్కడి విద్యార్థులు రాసిన డిసెర్టేషన్లు చూపించమని అడగండి. వాటిలో ఎన్ని సొంతంగా సేకరించిన వివరాలతో రాసినవో, ఎన్ని ఇతరుల గణాంకాలను తిరగరాసినవో అరగంటలో తెలిసిపోతుంది. గణాంక విశ్లేషణకు ‘ఆర్’, పటాలకు ‘క్యూజీఐఎస్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నేర్పుతారో లేదో కనుక్కోండి. ఇంటర్న్‌షిప్ ఇచ్చే సంస్థతో మాత్రం విద్యార్థి సేకరించిన సమాచారాన్ని డిసెర్టేషన్‌లో వాడుకునే హక్కు, పత్రం ప్రచురితమైతే అందులో పేరు, పని మధ్యలో ఆగిపోతే ధ్రువపత్రం సంగతి అన్నవి మొదటి రోజుకు ముందే కాగితం మీద పెట్టించుకోవాలి.